6.5 అంటే ఎంత శాతం? సీజీపీఏ తయారయ్యే దారిలో మనం అడగాల్సిన లెక్కలు

విదేశీ విద్య స్కాలర్‌షిప్ నోటిఫికేషన్లలో తరచుగా కనిపించే వాక్యం ఒకటుంది: అర్హత పరీక్షలో 60 శాతం మార్కులు, లేదా దానికి సమానమైన గ్రేడు. ఎస్సీ విద్యార్థులకు కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో ఉన్న షరతు ఇదే. తెలంగాణ అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధిలోనూ ఇదే గీత. చదవడానికి తేలిగ్గానే ఉంటుంది. కానీ మన చేతిలో ఉన్న మెమోలో శాతం ఉండదు. 6.5 అని సీజీపీఏ మాత్రమే ఉంటుంది.

6.5 అంటే ఎంత శాతం? పదితో గుణిస్తే 65. సీబీఎస్‌ఈ ఒకప్పుడు పదో తరగతికి వాడిన లెక్క తెచ్చి 9.5తో గుణిస్తే 61.75. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 నిబంధనల ప్రకారం 0.5 తీసేసి పదితో గుణిస్తే సరిగ్గా 60. ఏఐసీటీఈ పట్టిక ప్రకారం 0.75 తీసేసి గుణిస్తే 57.5. అదే విద్యార్థిని, అదే మెమో. మూడు లెక్కల్లో ఆమె అర్హురాలు, నాలుగో లెక్కలో కాదు.

క్యాంపస్ సంఘాల్లో పనిచేసే మిత్రులు, మొదటి తరం విద్యార్థులు ఈ లెక్కను తమంతట తాము వేసుకోగలగాలన్న ఉద్దేశంతో దీన్ని మొదటి మెట్టు నుంచి విప్పి చూపిస్తున్నాం. సగటు తీయడం కూడిక, భాగహారాల పనే. అయితే ఆ కూడికకు ముందున్న ప్రతి మెట్టు మీదా ఎవరో తీసుకున్న నిర్ణయం ఉంటుంది. ఏ సబ్జెక్టుకు ఎంత బరువు, ఏ పరీక్షకు ఎంత వాటా, ఎన్ని మార్కులకు ఏ గ్రేడు, ఫెయిలైన సబ్జెక్టును ఎలా లెక్కించాలి, గ్రేడును శాతంగా ఎలా మార్చాలి. ‘మెరిట్’ అని మన ముందు పెట్టే అంకె ఈ నిర్ణయాలన్నీ దాటి వచ్చినదే.

క్రెడిట్ అంటే బరువు

పాత వార్షిక పరీక్షల కాలంలో లెక్క సూటిగా ఉండేది. అన్ని పేపర్ల మార్కులు కూడి, మొత్తంతో భాగించి, 60 దాటితే ఫస్ట్ క్లాసు, 50 దాటితే సెకండ్ క్లాసు అనేవారు. యూజీసీ చాయిస్ బేస్డ్ క్రెడిట్ సిస్టమ్ వచ్చాక అది మారింది. తెలంగాణ డిగ్రీ కాలేజీల్లో 2016-17 నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. ఇందులో ప్రతి సబ్జెక్టుకూ క్రెడిట్లు ఉంటాయి. వారానికి ఒక గంట పాఠం ఉంటే ఒక క్రెడిట్, రెండు గంటల ప్రాక్టికల్ ఉంటే ఒక క్రెడిట్ అని యూజీసీ కొలత. వారానికి మూడు గంటలు సాగే ల్యాబ్‌కు 1.5 క్రెడిట్లు రావడానికి కారణం అదే.

యూజీసీ సూచించిన పది పాయింట్ల పట్టిక ఇది: ఓ గ్రేడుకు 10, ఏ ప్లస్‌కు 9, ఏకు 8, బీ ప్లస్‌కు 7, బీకు 6, సీకు 5, పాస్ అని అర్థమిచ్చే పీకు 4, ఎఫ్‌కు సున్నా. ఎన్ని మార్కులకు ఏ గ్రేడు ఇవ్వాలన్నది విశ్వవిద్యాలయం ఇష్టం. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో 90 ఆపైన ఓ, 80 నుంచి ఏ ప్లస్, 70 నుంచి ఏ, 60 నుంచి బీ ప్లస్, 50 నుంచి బీ, 40 నుంచి సీ. అక్కడ పీ గ్రేడు లేదు, 40 దాటకపోతే ఎఫ్. ఈ చిన్న తేడా ఎక్కడ పట్టుకుంటుందో కింద జర్మనీ దగ్గర చూస్తాం.

ఒక సెమిస్టర్ లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణ కోసం మేము వేసినవే, గ్రేడులు జేఎన్‌టీయూ హైదరాబాద్ పట్టికవి.

మ్యాథ్స్, 4 క్రెడిట్లు, 58 మార్కులు, గ్రేడు పాయింటు 6: 4 × 6 = 24
ఫిజిక్స్, 4 క్రెడిట్లు, 61 మార్కులు, పాయింటు 7: 4 × 7 = 28
ప్రోగ్రామింగ్, 3 క్రెడిట్లు, 49 మార్కులు, పాయింటు 5: 3 × 5 = 15
ఇంగ్లిష్, 2 క్రెడిట్లు, 78 మార్కులు, పాయింటు 8: 2 × 8 = 16
ఫిజిక్స్ ల్యాబ్, 1.5 క్రెడిట్లు, 88 మార్కులు, పాయింటు 9: 13.5
ప్రోగ్రామింగ్ ల్యాబ్, 1.5 క్రెడిట్లు, 91 మార్కులు, పాయింటు 10: 15

క్రెడిట్లు మొత్తం 16. గుణకారాలు కూడితే 111.5. దాన్ని 16తో భాగిస్తే 6.97. ఇదే ఆ సెమిస్టర్ ఎస్‌జీపీఏ.

ఇప్పుడు ఇదే విద్యార్థి మార్కులను పాత పద్ధతిలో కూడి ఆరుతో భాగించండి. 70.83 వస్తుంది. ‘నాకు డెబ్బై శాతం వచ్చింది కదా, ఎస్‌జీపీఏ ఏడు కూడా దాటలేదేం’ అని కంగారుపడే వాళ్లను మేము చాలామందిని చూశాం. కారణం క్రెడిట్లే. ల్యాబ్‌లో వచ్చిన 91కి 1.5 బరువు, మ్యాథ్స్‌లో వచ్చిన 58కి 4 బరువు. ఎక్కువ మార్కులు వచ్చినవి తేలికపాటి సబ్జెక్టులు, తక్కువ వచ్చినవి బరువైనవి. సమయం తక్కువగా ఉన్నప్పుడు, పక్కన పార్ట్‌టైం పని కూడా ఉన్నప్పుడు, దేని మీద కూర్చోవాలో తేల్చుకోవడానికి సిలబస్ పుస్తకంలో క్రెడిట్ల గడి చూడాలి.

క్రెడిట్ లేని సబ్జెక్టుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఏఐసీటీఈ 2018 మోడల్ కరిక్యులమ్‌లో భారత రాజ్యాంగం తప్పనిసరి, కానీ క్రెడిట్లు లేని కోర్సు. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18లోనూ అంతే. పాస్ కావాలి, సగటులో మాత్రం దాని బరువు సున్నా. రాజ్యాంగంలో 95 తెచ్చుకున్నా 41 తెచ్చుకున్నా సీజీపీఏ కదలదు. జెండర్ సెన్సిటైజేషన్ ల్యాబ్‌దీ అదే గతి. దేనికి బరువివ్వాలో ఎవరు నిర్ణయిస్తున్నారని అడగడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు దొరకలేదు.

రెండు మార్కులు ఎక్కడ పడతాయి

పై లెక్కలో మ్యాథ్స్ 58ని 60 చేసి చూడండి. పాయింటు 6 నుంచి 7 అవుతుంది, నాలుగు క్రెడిట్లు కాబట్టి మొత్తం 115.5, ఎస్‌జీపీఏ 7.22. రెండు మార్కులకు పావు పాయింటు. అదే విద్యార్థి ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో 91కి బదులు 100 తెచ్చుకుంటే? ఏమీ మారదు, రెండూ ఓ గ్రేడే. గ్రేడు పద్ధతిలో 50కి, 59కి విలువ ఒకటే. 59కి, 60కి మధ్య మాత్రం గోడ ఉంటుంది. మార్కుల్లోని చిన్న చిన్న తేడాలను పట్టించుకోకుండా పోటీ తగ్గిస్తుందని ఈ పద్ధతికి మంచి పేరుంది, అందులో కొంత నిజమూ ఉంది. కానీ గీత పక్కన నిలబడ్డ వాళ్లకు ఒక్క మార్కే బతుకు సమస్య.

ఆ ఒక్క మార్కు ఎవరి చేతిలో ఉంది? ఎక్స్‌టర్నల్ పరీక్షలో జవాబు పత్రాలకు బార్‌కోడ్ వేసి పంపే పద్ధతి ఉంటే దిద్దేవారికి మీ పేరు తెలియదు. ఇంటర్నల్స్ అలా కాదు. మిడ్ పేపర్, అసైన్‌మెంట్, వైవా, ప్రెజెంటేషన్ అన్నీ మీ ముఖం తెలిసిన మనిషి వేసేవే. ఫీజు రీయింబర్స్‌మెంట్ జాబితాలు నోటీసు బోర్డు ఎక్కే చోట కులం దాగదు. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18లో ఇంటర్నల్ వాటా 25, ఎక్స్‌టర్నల్ 75 ఉండేది. ఆర్22కి వచ్చేసరికి అది 40, 60 అయింది. పైగా ఇంటర్నల్స్‌లోనూ విడిగా 35 శాతం, అంటే 40కి 14 రావాలి. ఏడాది పొడుగునా చదివిన దానికి విలువ ఇవ్వాలన్న వాదన సరైనదే. మూడు గంటల ఒక్క పరీక్షతో తేల్చేయడం కంటే ఇది మేలని మేమూ అంటాం. కాకపోతే కాలేజీ చేతిలోకి వెళ్లిన ఆ అదనపు 15 మార్కులకు జవాబుదారీ కూడా వెంట రావాలి కదా.

ఇది మా ఊహ కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల ఫిర్యాదులపై 2006లో వేసిన సుఖదేవ్ థోరాట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదికలో ఇంటర్నల్ మూల్యాంకనం, ప్రాక్టికల్స్, వైవాల్లో విద్యార్థులు ఎదుర్కొన్న వివక్షను నమోదు చేసింది. జేఎన్‌యూలో ఎంఫిల్, పీహెచ్‌డీ ప్రవేశాలకు రాత పరీక్ష 70, వైవా 30 ఉన్న రోజుల్లో అబ్దుల్ నఫే కమిటీ కొన్నేళ్ల మార్కులను వర్గాల వారీగా పరిశీలించింది. రాత మార్కులకు, వైవా మార్కులకు మధ్య తేడా కనిపిస్తున్న తీరు వివక్షను సూచిస్తోందని, వైవా వాటాను 30 నుంచి 15కు తగ్గించాలని 2016లో సిఫారసు చేసింది. అదే ఏడాది వచ్చిన యూజీసీ నిబంధనలు ఎదురు దారి పట్టి, రాత పరీక్షను కేవలం అర్హతకు పరిమితం చేసి తుది ఎంపికను వైవాకే వదిలాయి. ఆ మీదట 70, 30కి తిరిగి వచ్చారు. 2024 నుంచి పీహెచ్‌డీ ప్రవేశాల్లో నెట్ స్కోరును వాడే చోట, జేఆర్‌ఎఫ్ కాని అభ్యర్థులకు నెట్ స్కోరు వాటా 70, ఇంటర్వ్యూ వాటా 30.

70, 30 అనగానే ఇంటర్వ్యూ ప్రభావం మూడో వంతు లోపే అనుకుంటాం. ఇక్కడొక మెలిక ఉంది, సంఘాల మిత్రులు దీన్ని బాగా పట్టుకోవాలి. కాగితం మీద ఉన్న వాటా వేరు, నిజంగా పనిచేసే వాటా వేరు. రాత పరీక్షలో పిలుపు అందుకున్న అందరికీ 70కి 40 నుంచి 50 మధ్యే వచ్చాయనుకోండి. పై వాడికి, కింది వాడికి తేడా పది మార్కులు. ఇంటర్వ్యూలో 30కి కొందరికి 5, కొందరికి 28 వేశారనుకోండి. తేడా 23. అప్పుడు జాబితా ఎవరు రాసినట్టు? ఇంటర్వ్యూ బోర్డే. ఏ భాగంలో మార్కులు ఎక్కువ విస్తరించి ఉంటే ర్యాంకును ఆ భాగమే నిర్ణయిస్తుంది. ఇంటర్నల్స్‌కూ ఇదే వర్తిస్తుంది. అందరికీ 36, 37 వేసే కాలేజీలో ఇంటర్నల్స్ వల్ల ఎవరి స్థానమూ మారదు. ఒకరికి 39, ఒకరికి 18 వేసే చోట మారుతుంది. అందుకే ఫిర్యాదు రాసేటప్పుడు ‘నాకు తక్కువ వేశారు’ అనడం కంటే సెక్షన్ మొత్తం ఇంటర్నల్ మార్కులు, ఎక్స్‌టర్నల్ మార్కులు పక్కపక్కన పెట్టి చూపడం బలంగా ఉంటుంది.

పేరు దాచడం ఎందుకు ముఖ్యమో చెప్పే పరిశోధన ఒకటుంది. రేమా హన్నా, లీ లిండెన్ అనే ఆర్థికవేత్తలు మన దేశంలో బడి పిల్లలకు పోటీ పరీక్ష పెట్టి, జవాబు పత్రాల మీద కులం, లింగం, వయసు వివరాలను లాటరీ పద్ధతిలో మార్చి టీచర్ల చేత దిద్దించారు. 2012లో అచ్చయిన వారి వ్యాసం ప్రకారం, అవే పత్రాలకు కింది కులమని రాసి ఉన్నప్పుడు 0.03 నుంచి 0.08 స్టాండర్డ్ డీవియేషన్ మేర మార్కులు తగ్గాయి. ఆ తగ్గుదల ఎక్కువగా కింది కులాల టీచర్లు దిద్దిన పత్రాల్లో కనిపించడం మనల్ని ఆలోచనలో పడేసే విషయమే. తేడా చిన్నదే. కానీ 59 దగ్గర ఉన్న పత్రానికి చిన్న తేడా చాలు.

ఎఫ్ పడితే భాగహారం ఏమవుతుంది

పై ఉదాహరణలో ప్రోగ్రామింగ్‌లో 49కి బదులు 38 వచ్చి ఎఫ్ పడిందనుకుందాం. పాయింట్లు సున్నా, కానీ ఆ మూడు క్రెడిట్లు భాగహారంలో ఉంటాయి. 96.5ను 16తో భాగిస్తే 6.03. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 నిబంధనలు ఇదే చెబుతాయి: ఫెయిలైన సబ్జెక్టు క్రెడిట్లూ లెక్కలోకి వస్తాయి, సప్లీలో పాసైతే కొత్త గ్రేడు పెట్టి ఎస్‌జీపీఏ, సీజీపీఏ మళ్లీ కడతారు. అదే ఆ మూడు క్రెడిట్లను తీసేసి 13తోనే భాగిస్తే 7.42 వస్తుంది, అంటే పాసైనప్పటి కంటే ఎక్కువ! కొన్ని ఆన్‌లైన్ కాలిక్యులేటర్లు ఇలాంటి తప్పు ఆశలు పెడతాయి. కాలిక్యులేటర్ ఇచ్చే అంకెను నమ్మేముందు అది కింద ఎన్ని క్రెడిట్లతో భాగిస్తోందో చూడండి.

సప్లీలో పాసైతే సగటు బాగుపడుతుంది, కానీ అన్నీ బాగుపడవు. డిస్టింక్షన్ ఇవ్వడానికి అన్ని సబ్జెక్టులూ మొదటి ప్రయత్నంలోనే పాసై ఉండాలన్న షరతు చాలాచోట్ల ఉంది. తెలుగు మీడియంలో ఇంటర్ చదివి మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లిష్ పుస్తకాలతో తలపడి ఒక్క సబ్జెక్టు వదిలేసుకున్న అమ్మాయి, చివరికి 8 దాటినా ‘ఫస్ట్ క్లాస్’ దగ్గరే ఆగిపోవచ్చు.

సెమిస్టర్లన్నీ సమానమా

సీజీపీఏ కూడా బరువులతో కట్టేదే. ఎస్‌జీపీఏలన్నీ కూడి సెమిస్టర్ల సంఖ్యతో భాగిస్తే తప్పు. మొదటి సెమిస్టర్‌లో 16 క్రెడిట్లకు 5.5, రెండో సెమిస్టర్‌లో 24 క్రెడిట్లకు 7.2 వచ్చాయనుకోండి. ఊరికే సగటు తీస్తే 6.35. సరైన లెక్క: 16 × 5.5 = 88, 24 × 7.2 = 172.8, రెండూ కలిపి 260.8, దాన్ని 40తో భాగిస్తే 6.52. ఫస్ట్ క్లాసుకు 6.5 గీత పెట్టిన చోట ఒక లెక్క గీత కింద, ఒక లెక్క గీత పైన. ప్రైవేటు కంపెనీల దరఖాస్తుల్లో, చివరికి కొన్ని కాలేజీ ఆఫీసుల్లో కూడా మొదటి రకం లెక్క వేసేస్తుంటారు. యూజీసీ ప్రకారం రెండు దశాంశ స్థానాల వరకు చూపాలి, 6.52ని 6.5 అని కత్తిరించి రాయించుకోకండి.

ఒక్కో సెమిస్టర్‌కు 20 క్రెడిట్ల చొప్పున ఎనిమిది సెమిస్టర్లు ఇలా వచ్చాయనుకోండి: 5.2, 5.8, 6.5, 7.1, 7.4, 7.8, 8.1, 8.4. సీజీపీఏ 7.04. మొదటి నుంచి చివరిదాకా 7.04 దగ్గరే నిలబడిన విద్యార్థిదీ అదే అంకె. మొదటివాడు ఎక్కడ మొదలై ఎక్కడికి చేరాడో ఆ అంకె చెప్పదు. గురుకులాల నుంచి, ప్రభుత్వ కాలేజీల నుంచి వచ్చి మొదటి ఏడాది భాషతో, హాస్టల్‌తో, స్కాలర్‌షిప్ ఆలస్యాలతో కుస్తీ పట్టే పిల్లల గ్రాఫు చాలావరకు ఇలాగే ఉంటుంది. ఇది ప్రకృతి నియమమేమీ కాదు. బ్రిటన్‌లో చాలా విశ్వవిద్యాలయాలు డిగ్రీ క్లాసు తేల్చేటప్పుడు మొదటి ఏడాది మార్కులు లెక్కించవు, పాసైతే చాలు. చివరి ఏడాదికి ఎక్కువ బరువిస్తాయి. మన అకడమిక్ కౌన్సిళ్లలో ఈ డిమాండు ఎందుకు పెట్టకూడదు? అది జరిగేదాకా, దరఖాస్తులతో పాటు సెమిస్టర్ల వారీ మెమోలు జతచేసి, స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో ఆ ఎదుగుదల గురించి రెండు వాక్యాలు రాసుకోవడం ఒక దారి.

బాబాసాహెబ్ 1907లో మెట్రిక్యులేషన్ పాసైనప్పుడు 750కి 282 మార్కులు వచ్చాయి. 37.6 శాతం. తర్వాతి సెమిస్టర్ల గురించి మన పాఠకులకు చెప్పనక్కర్లేదు.

పక్కవాడిని బట్టి గ్రేడు

ఇప్పటిదాకా చెప్పింది ఖచ్చిత గ్రేడింగ్, అంటే 60 వస్తే బీ ప్లస్ అని ముందే రాసిపెట్టుకున్న పద్ధతి. యూజీసీ మార్గదర్శకాలు రెండో పద్ధతినీ ప్రస్తావిస్తాయి, అది సాపేక్ష గ్రేడింగ్. క్లాసులో అందరి మార్కులూ చూసి, సగటు ఎంత, విస్తరణ ఎంత అని తేల్చి, ఆ వరుసలో మీ స్థానాన్ని బట్టి గ్రేడు ఇస్తారు. ఐఐటీల్లో ఈ పద్ధతి చాలాకాలంగా ఉంది. క్లాసు సగటు 40, స్టాండర్డ్ డీవియేషన్ 10 అయితే 55 మార్కులకు మంచి గ్రేడే వస్తుంది. క్లాసు సగటు 70 అయితే అదే 55 అట్టడుగుకు పోతుంది. పేపర్ మరీ కష్టంగా వచ్చినప్పుడు ఈ పద్ధతి అందరినీ కాపాడుతుంది. కానీ అందరూ బాగా రాసినా ఎవరో ఒకరు అడుగున ఉండి తీరాలి. కోటాలో రెండేళ్లు కోచింగ్ తీసుకొచ్చిన వాళ్లతో ఒకే వరుసలో నిలబెట్టి మొదటి సెమిస్టర్‌లోనే ఈ కొలత పెడితే అడుగున ఎవరుంటారో ఊహించడం కష్టం కాదు.

దానికి తోడు కనీస సీజీపీఏ లేకపోతే ఇంటికి పంపే నిబంధనలుంటాయి. 2015లో ఐఐటీ రూర్కీ సీజీపీఏ 5 అందుకోలేదని 70 మందికి పైగా మొదటి సంవత్సరం విద్యార్థులను తొలగించింది. వారిలో అత్యధికులు రిజర్వుడు వర్గాల వారని అప్పుడు వార్తలొచ్చాయి. హైకోర్టులో ఊరట దొరకలేదు. ఆ తర్వాత సంస్థే వెనక్కి తగ్గి మరో అవకాశం ఇచ్చింది. మీ సంస్థలో ఏ పద్ధతి ఉందో, కనీస గీత ఎక్కడ ఉందో చేరిన మొదటి వారంలోనే అడిగి తెలుసుకోండి.

‘సమానమైన శాతం’ ఎవరు చెప్పాలి

మళ్లీ మొదటి ప్రశ్నకు వద్దాం. సీజీపీఏను శాతంగా మార్చడానికి దేశమంతటికీ ఒకే సూత్రం లేదు. ఏఐసీటీఈ పట్టికలో 6.25కు 55, 6.75కు 60, 7.25కు 65 శాతం. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 లెక్కలో 60 శాతానికి 6.5 చాలు. కాబట్టి మీ డిగ్రీ ఇచ్చిన విశ్వవిద్యాలయం, మీ బ్యాచ్ రెగ్యులేషన్‌లో రాసిన సూత్రమే మీకు వర్తించాలి. దరఖాస్తు నింపేటప్పుడు నెట్ సెంటర్‌లో కూర్చుని తోచిన అంకె వేయకండి. రెగ్యులేషన్‌లో ఆ పేజీ ప్రింటు తీసుకోండి, వీలైతే పరీక్షల విభాగం నుంచి కన్వర్షన్ సర్టిఫికెట్ తీసుకోండి. పరిశీలనలో అంకె తేడా వస్తే తప్పుడు సమాచారం ఇచ్చారన్న మాట పడాల్సి వస్తుంది.

రిజర్వేషన్ సడలింపు కూడా ఈ సూత్రం మీదే ఆధారపడి ఉంటుంది. యూజీసీ నెట్‌కు పీజీలో జనరల్ వాళ్లకు 55, ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం కావాలి, రౌండింగ్ లేకుండా. 49.9 పనికిరాదు. 50 శాతం అంటే 0.5 తీసే సూత్రంలో 5.5, 0.75 తీసే సూత్రంలో 5.75, నేరుగా పదితో గుణించే చోట 5.0. పీహెచ్‌డీ ప్రవేశానికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకూ 55 శాతం మీద ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు ఉంది. బోధనా ఉద్యోగాల విషయంలో గ్రేస్ మార్కులు కలపకుండా వచ్చిన మార్కులనే చూస్తారు. నాలుగేళ్ల డిగ్రీ తర్వాత నేరుగా పీహెచ్‌డీకి వెళ్లాలంటే 75 శాతం, అక్కడా 5 శాతం సడలింపు. నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 60 శాతం గీత ఎస్సీలకోసమే పెట్టిన పథకంలో ఉన్న గీత కనుక దాని మీద మళ్లీ సడలింపు అడగలేం. అక్కడ సూత్రం ఎంపికే సీటు.

విదేశాలకు వెళ్లేవారికి మరో మలుపు ఉంది. అమెరికా కోసం సీజీపీఏను 0.4తో గుణించి నాలుగు స్కేలు మీద వేసుకునే అలవాటు మనవాళ్లలో ఎక్కువ. క్రెడెన్షియల్ ఎవాల్యుయేషన్ సంస్థలు అలా చేయవు, కోర్సుల వారీ గ్రేడులు తీసుకుని కడతాయి. జర్మనీలో సవరించిన బవేరియన్ సూత్రం వాడతారు: గరిష్ఠ గ్రేడు నుంచి మీ గ్రేడు తీసేసి, దాన్ని గరిష్ఠానికి, కనీస పాస్ గ్రేడుకు మధ్య తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. అక్కడ 1 ఉత్తమం, 4 పాస్. 6.97 ఉన్న విద్యార్థి మెమోలో కనీస పాస్ 4 అని ఉంటే 3.03 ÷ 6 × 3 + 1, అంటే 2.5. కనీస పాస్ 5 అని ఉంటే 3.03 ÷ 5 × 3 + 1, అంటే 2.8. చాలా మాస్టర్స్ కోర్సులు 2.5 దగ్గర గీత పెడతాయి. మన దగ్గర పీ గ్రేడు ఉందా లేదా అన్న ముక్క ఇక్కడ పనిచేస్తుంది. ట్రాన్స్‌క్రిప్ట్ వెనుక గ్రేడుల పట్టిక, కనీస పాస్ గ్రేడు స్పష్టంగా ముద్రించి ఉన్నాయో లేదో చూసుకోండి.

అడగాల్సిన చోట్లు

ప్రతి సెమిస్టర్‌కూ సబ్జెక్టు, క్రెడిట్లు, ఇంటర్నల్, ఎక్స్‌టర్నల్, గ్రేడు పాయింటు రాసే చిన్న పట్టిక మీ దగ్గర ఉంచుకోండి. మిడ్ పేపర్లు దిద్ది చూపించినప్పుడు ఫొటో తీసుకోనివ్వమని అడగండి. ఇంటర్నల్ మార్కులు యూనివర్సిటీకి పంపేముందు నోటీసు బోర్డు మీద పెట్టాలని సంఘం తరఫున రాతపూర్వకంగా కోరండి. వర్సిటీకి చేరాక సరిదిద్దించడం చాలా కష్టం.

వివక్ష అనుమానం ఉంటే 2012లో యూజీసీ తెచ్చిన సమానత్వ ప్రోత్సాహక నిబంధనలు ఉన్నాయి. వాటి ప్రకారం ప్రతి సంస్థలో ఈక్వల్ ఆపర్చునిటీ సెల్, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలి. మీ కాలేజీలో ఆ అధికారి ఎవరని అడిగితే వచ్చే మౌనం కూడా రికార్డు చేయదగినదే. ప్రిన్సిపాల్‌కు లేఖ రాసి రసీదు తీసుకోండి.

జవాబు పత్రం చూసే హక్కు మీకుంది. సీబీఎస్‌ఈ వర్సెస్ ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు 2011 ఆగస్టులో, పరీక్ష రాసినవారు దిద్దిన తమ జవాబు పత్రాన్ని సమాచార హక్కు చట్టం కింద చూడవచ్చని, నకలు తీసుకోవచ్చని తీర్పు ఇచ్చింది. దిద్దినవారి పేరు మాత్రం ఇవ్వరు. కాలేజీ ప్రైవేటుదైనా పరీక్ష పెట్టిన విశ్వవిద్యాలయం ప్రభుత్వానిదైతే అక్కడి ప్రజా సమాచార అధికారికే దరఖాస్తు చేయండి. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబు రావాలి. ఒక్క జాగ్రత్త: విశ్వవిద్యాలయం తన నియమాల ప్రకారం పత్రాలు దాచినంత కాలమే ఈ హక్కు పనిచేస్తుంది. ఫలితాలు వచ్చిన వారంలోనే దరఖాస్తు పెట్టండి, రీవాల్యుయేషన్ గడువు ముగిసేదాకా ఆగకండి.